సువర్ణరేఖలో చేపలు: వానకూ వరపుకూ నడుమ

రాంచీ సమీపాన నగ్డీ గ్రామం వద్ద పుట్టిన సువర్ణరేఖానది హుండ్రూ జలపాతం దగ్గర 98 మీటర్ల ఎత్తునుండి దుమికి, చాండిల్ మీదుగా జంషెడ్‌పూర్ చేరుతున్నది. నగరపు అంచున, సోనారి చెంత దోమొహానీ అనేచోట, మయూర్‌భంజ్ కొండలలో పుట్టిన ఖర్కాయి నది దానిలో కలుస్తున్నది. ఒకనాటి సాక్చి గ్రామాన్ని ఉక్కు కర్మాగారానికి ఎన్నుకొనడంలో ఈ రెండు నదుల నీరు ముఖ్యకారణం. ఆ సాక్చియే 1919లో జంషెడ్‌పూర్ అయినది. ఉపాధికై వచ్చి ఇక్కడ స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. వారికి సువర్ణరేఖ పరాయి నది కాదు. అయితే ఆ నదిలో చేప ఎలా బ్రతుకుతున్నదో, ఏ యేడు ఎందుకు కరవవుతున్నదో నగరవాసులలో తెలిసినవారు తక్కువ.

ఛోటానాగపూర్ పీఠభూమి గట్టి రాతినేల. కురిసిన వాన లోనికి ఇంకేది స్వల్పం, పరుగెత్తి నదిలో పడేది అధికం. ఏడాది వర్షంలో సింహభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకే కురుస్తుంది. అందుచేత ఆగస్టులో ఒడ్లు ఒరుసుకొని పారే నది మే నెల నాటికి బండరాళ్ల నడుమ సన్నని పాయగా మిగులుతుంది. ఈ నది చేపలు తమ జీవితాన్ని ఈ రెండు అవస్థలకూ అనువుగా మలచుకొన్నవే.

శీలావతి, బొచ్చె, మోసు వంటి పెద్ద చేపల సంగతి చూడండి. నిలువనీటిలో వాటి కడుపున గుడ్లు పక్వమవుతాయి గాని, సాధారణంగా అక్కడ అవి గుడ్లు పెట్టవు. చల్లని కొత్తనీరు రావాలి, ప్రవాహం ఉరకాలి, ఒడ్డున ఉన్న గడ్డి మునగాలి. ఆ సంకేతం అందిన తరువాతనే అవి వరదనీటిలో గుడ్లు విడుస్తాయి. సుమారు 15 నుండి 20 గంటలలో పిల్లలు వెలువడి, మునిగిన పల్లపు నేలలలోని సూక్ష్మజీవులను తిని పెరుగుతాయి. ఆ సంకేతం ఎంత కీలకమైనదో 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో ఋజువైనది. హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి అనే శాస్త్రజ్ఞులు చేప మెదడు అడుగున ఉండే పీయూషగ్రంథి సారాన్ని సూదిమందుగా ఎక్కించి, పెంపకపు చేపల చేత గుడ్లు పెట్టించారు. వరద చేయవలసిన పని సూది చేసినదన్నమాట! నేటి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలన్నీ ఆ ప్రయోగం నుండి పుట్టినవే. అయితే పరిగెలు, జెల్లలు మొదలైన చిల్లర చేపలకు సూది వేసేవారెవరు? వాటికి నేటికీ ఆకాశమే ఆధారం. తొలివానలకు అవి వాగులకు ఎదురెక్కి వరిమళ్లలోనికి చేరతాయి. సంథాలీ, హో, భూమిజ కుటుంబాల స్త్రీలు మడిగట్ల వద్ద వెదురు బుట్టలతో పట్టే చేపలు ఇవే. ముల్లుతో సహా తినదగిన ఈ చేపలు పేదయింటికి ఖర్చులేని పోషకాహారం.

కనుక ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదన్న లెక్క ఒక్కటే చేపకు చాలదు. జూన్‌లో ఒక జడివాన పడి, ఆ పిదప మూడు వారాలు మబ్బు మొగం చాటేస్తే, మళ్లలోనికి ఎక్కిన పిల్లలు గుంటలలో చిక్కి ఎండిపోతాయి. తగిన వరద రాక విడువని గుడ్లు తల్లి శరీరంలోనే కరిగిపోతాయి. సెప్టెంబరులో ఎంత కురిసినా ఆ లోటు తీరేది కొంతమాత్రమే. వర్షపాతపు పట్టికలో అది మంచి సంవత్సరమే కావచ్చు, నదిలో మాత్రం ఒక తరం లేకుండా పోయినట్లే.

అనావృష్టి దెబ్బ మరొక రీతిది. పాయ తెగినప్పుడు చేపలు మడుగులకు చేరతాయి. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు దిగుతుంది. వేడిలో చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది, నీటిలో ఊపిరి తరుగుతుంది. దీనికితోడు నగరాల మురుగు, కర్మాగారాల వ్యర్థజలం వరదకాలంలో పలుచబడినట్లు వేసవిలో పలుచబడవు. మొదటి వానకు అడుగు బురద, కాలువలలోని కుళ్లు ఒక్కసారిగా నదిలో పడి, మిగిలిన కాస్త ప్రాణవాయువును హరిస్తాయి. కొత్తనీరు పడక చేపలు చచ్చాయని జనం అంటారు. దోషం వాననీటిది కాదు, అది కడిగి తెచ్చినదానిది.

ఈ కష్టాన్ని అన్ని చేపలూ ఒకేలా అనుభవించవు. కొరమీను, మార్పు, ఇంగిలాయి నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు, తడి బురదలోనూ కొన్నాళ్లు ఓర్చుకొంటాయి. మొప్పలనే నమ్ముకొన్న శీలావతికి ఆ సదుపాయం లేదు. అందుచేత వరపు తరువాత నదిలో చేపల సంఖ్యే కాక జాతుల పాళ్లు కూడా మారతాయి.

2022లో ఝార్ఖండ్ ప్రభుత్వం 22 జిల్లాలలోని 226 బ్లాకులను కరవు పీడితాలుగా ప్రకటించినది. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లా ఆ జాబితాలో లేదు. చేపకు ఆ ఊరట ఎంతవరకు? జంషెడ్‌పూర్ మడుగులకు నీరు ఎగువన ఉన్న రాంచీ వైపు నుండి రావాలి గదా. నది జిల్లాల సరిహద్దు ఎరుగదు.

ఆనకట్టల పాత్రా తక్కువది కాదు. చాండిల్ జలాశయం వేసవిలో కొంత నీటిని కాపాడుతున్నది, అక్కడ నిర్వాసితులు బోనులలో చేపలు పెంచుతున్నారు. కాని తొలివరదను ఆపి, తరువాత గేట్లు ఒక్కసారిగా ఎత్తితే, దిగువ చేపకు అందే సంకేతం తప్పుడు వేళకు అందుతుంది. ఎదురెక్కే దారి ఎలాగూ మూతపడినదే. గోదావరిలో వరదకు ఎదురీది వచ్చే పులస ధవళేశ్వరం వద్ద ఆగిపోవడం తెలుగువారికి తెలిసిన విషయమే.

వేసవి మడుగులో చేపలు పట్టడం ఎంత సులువో, ఆ మడుగు నది భవిష్యత్తుకు అంత విలువైనది. అందులో మిగిలినవే రాబోయే వరదకు తల్లిచేపలు. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. అయినా ఎండిన నదిలో మడుగును పూర్తిగా తోడివేయడానికి విషమే అక్కరలేదు, సన్నకన్ను వల చాలు. మడుగు మిగిలి, తరువాతి యేడు వానలు వేళకు పడితే, ఏడాదిలోనే ఈనే పరిగెలు ఒక్క ఋతువులో తేరుకొంటాయి. శీలావతి, మోసు వంటివి గుడ్లు పెట్టే వయస్సుకు రావడానికి మాత్రం రెండు మూడు వానకాలాలు పడుతుంది.