వేణ్ణీళ్ళకు ట్యాంకు కావాలా, వద్దా?

చలికాలం వచ్చిందంటే పొద్దున్నే మన మొదటి చింత వేణ్ణీళ్ళే. ఒకప్పుడు పెరట్లో పొయ్యి మీద కాగు ఉండేది. తరువాత రాగి బాయిలరు వచ్చింది. ఇప్పుడు గోడమీద గీజరు. అది పాతబడిందనో, నీళ్ళు కాగేదాకా ఆగలేకనో, "ట్యాంకు లేని ఇన్‌స్టెంట్ గీజరు పెట్టించుకుందామా?" అని చాలామంది ఆలోచిస్తుంటారు. కరెంటు ఆదా అని దుకాణం వాళ్ళూ చెబుతారు.

ముందు ఆ ఆదా సంగతి చూద్దాం. ట్యాంకులో నిలవుండి కాగినా, గొట్టంలో పోతూ కాగినా, అన్ని నీళ్ళకు అంతే కరెంటు కావాలి. 20 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగాలంటే సుమారు 0.7 యూనిట్టు. చన్నీళ్ళు కలుపుకుంటే రెండు బక్కెట్లవుతాయి. మరి తేడా ఎక్కడంటారా? స్విచ్చి వేసి మరిచిపోయే ఇంట్లో. ట్యాంకు చల్లారుతూ ఉంటుంది, అది మళ్ళీ మళ్ళీ కాచుకుంటూ ఉంటుంది. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, కాగగానే కట్టేసే అలవాటు మీకుంటే, మారినందువల్ల మిగిలేది స్వల్పమే. పైగా కరెంటు పోయినా ట్యాంకులో నీళ్ళు కాసేపు వేడిగానే ఉంటాయి.

3 కిలోవాట్ల ఇన్‌స్టెంట్ గీజరు నిమిషానికి 2 లీటర్ల నీళ్ళను ఇంచుమించు 20 డిగ్రీలు వేడెక్కిస్తుంది. కుళాయి ఇంకా తిప్పారా, నులివెచ్చనే! బక్కెట్టు నిండడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. బక్కెట్టు స్నానాలకు, ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అది చాలు. షవరు కావాలన్నా, ఇంట్లో బాలింతో, పెద్దవాళ్ళో ఉన్నా ట్యాంకే ఉంచుకోమంటాను. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు లాగుతుంది కనుక, 16 ఆంపియర్ల ప్లగ్గు, విడి లైను, ఎర్తు తప్పనిసరి. బోరు నీళ్ళయితే ఏ గీజరులోనైనా తెల్లటి పెచ్చు కడుతుంది. ఏడాదికోసారి విప్పించి చూపించండి.

ఇక గ్యాసు గీజరు. వేగంలో దీనికి సాటి లేదు, మూడు నిమిషాల్లో బక్కెట్టు నిండుతుంది. నలుగురు తలా రెండు బక్కెట్లు పోసుకుంటే రోజుకు పావు కిలో గ్యాసు పడుతుంది. 14.2 కిలోల సిలిండరు ఒక్క స్నానాలకే రెండు నెలలు నిండా రాదన్నమాట.

ఖర్చు మాట అలా ఉంచండి. దాన్ని బాత్‌రూములో మాత్రం బిగించనివ్వకండి. మంటకు గాలి కావాలి. మనమేమో చలికని కిటికీ కూడా మూసేస్తాం. గాలి చాలని మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాసు లీకైతే వాసన తెలుస్తుంది కదా అనుకోకండి. ఆ వాసన సిలిండరు గ్యాసులో కలిపింది. ఈ విషవాయువుకు వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన చోట ఇది చేరుతుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఆపైన కాళ్ళలో సత్తువ పోవడం. గడియ తీసేలోగానే పడిపోవచ్చు. మన దేశంలో ఇలా స్నానాల గదుల్లో పోయిన ప్రాణాలెన్నో.

బాల్కనీలోనో, వెనక వసారాలోనో బయటి గోడకు పెట్టించి, గొట్టంతో నీళ్ళు మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. పొగ ఆరుబయటికి పోవాలి. అటువంటి చోటు లేని ఫ్లాటయితే ఆ గీజరు మీకు కాదు. ఇప్పటికే లోపల ఉందా? మార్పించేదాకా వంటింటి పొయ్యి మీద కాచుకోండి. ఎవరైనా లోపలికెళ్ళి పిలిచినా పలక్కపోతే, ఆలోచిస్తూ నిలబడక తలుపు పగలగొట్టైనా సరే బయటి గాలిలోకి తీసుకురండి. గ్యాసు కట్టేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళి, గ్యాసు గీజరు సంగతి డాక్టరుగారికి ముందే చెప్పండి.