వాలుబల్లపై బస్తా: రాపిడిని లెక్కగట్టు విధము

ఇబ్రహీంపట్నము, యాచారము వైపు పల్లెల కూరగాయలు సరూరునగరపు రైతుబజారునకు తెల్లవారక మునుపే చేరుచుండును. కొత్తపేటలో పెక్కేండ్లు నడచిన గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు 2022లో బాటసింగారమునకు తరలినది. సరకు ఎచ్చటికి పోయినను, లారీ నుండి నేలకు దిగవలసిన ఆ నాలుగడుగుల ఎత్తు మాత్రము తరలలేదు. నెలల తరబడి పెంచిన పంట ఆ నాలుగడుగులలో చితికిపోవుట మన సభ్యులలో పలువురు చూచినదే. ఒకమారు ఒక బజారులో పొట్టి బల్లపై జారిన బస్తా హమాలీ మోకాలిక్రింద తగిలి అతనిని పడవేయుట నేను కన్నులార చూచితిని. సంచి పిగిలి సరకు మట్టిపాలయినది. అతడు పది దినములు పనికి రాలేకపోయెను. అందరును బస్తా బరువును నిందించిరి. తప్పు బరువుది కాదు, బల్లది.

వాలుబల్లపై నున్న వస్తువును భూమి క్రిందికి లాగుచుండును. బల్లకును వస్తువునకును నడుమ గల రాపిడి దానిని పట్టి యుంచును. రాపిడి ఎంతయో తెలిసికొనుటకు యంత్రమేదియు అక్కరలేదు. పది అడుగుల బల్లను నేలపై పరచి, దానిపై నిండు బస్తా నుంచి, ఒక కొనను మెల్లగా ఎత్తుచు పోవలెను. బస్తా తనంతట తాను కదలిన క్షణముననే ఆపి, ఆ కొన నేలకు ఎంత ఎత్తున నున్నదో, దాని క్రింది చోటు నుండి బల్ల రెండవ కొనకు నేలపై ఎంత దూరమో కొలువవలెను. ఎత్తును ఆ నేలదూరముతో భాగింపగా వచ్చునదే కదలికకు ముందటి రాపిడి అంకె.

అయితే ఒకసారి కదలిన వస్తువునకు రాపిడి కొంత తగ్గును. కావున రెండవ పరీక్ష కావలెను. బల్లను కొంచెము దించి, బస్తాను చేతితో తట్టి చూడవలెను. వేగము హెచ్చక, తగ్గక, ఒకే తీరున జారుచు పోవు ఎత్తు దొరకినప్పుడు మరల కొలిచి భాగింపవలెను. ఇది జారునప్పటి రాపిడి అంకె. మనకు ముఖ్యముగా కావలసినది ఇదియే.

మొదటి పరీక్షలో ఎత్తు 5 అడుగులు, నేలదూరము 8.66 అడుగులు వచ్చిన వనుకొందము: అంకె 0.58. రెండవదానిలో ఎత్తు 4, నేలదూరము 9.17: అంకె 0.44. ఈ సంఖ్యలు లెక్క చూపుటకు మాత్రమే. ఎవరి బల్లను వారే కొలిచికొనవలెను. గోనె నేత, చెక్క నునుపు, తెల్లవారుజామున పడిన మంచు, అన్నియు అంకెను మార్చును.

ఇచట ఒక సందేహము. బరువైన బస్తా త్వరగా జారదా? జారదు. బరువు రెట్టింపయిన లాగు బలము రెట్టింపగును, పట్టు రాపిడియు రెట్టింపగును. ఫ్రాన్సు దేశమున అమాంటన్సు 1699లోనే దీనిని ప్రకటించెను; కూలుంబు అను ఇంజనీరు పెక్కు ప్రయోగములతో దీనిని విస్తరించి 1781లో పారిసు విద్వత్సభ బహుమానము పొందెను. నమ్మనివారు 25 కిలోల బస్తాను, 50 కిలోల బస్తాను ఒకే బల్లపై పరీక్షింపవచ్చును. అడుగున తగులునప్పుడు మాత్రము పెద్ద బస్తా దెబ్బయే పెద్దది.

ఇక అసలు లెక్క. బల్ల వాలియున్నప్పుడు వస్తువు తన పూర్తి బరువుతో దానిని ఒత్తదు. నేలదూరమును బల్ల పొడవుతో భాగించిన వంతు మాత్రమే ఒత్తును. బల్ల పొడవునా రాపిడి హరించు శక్తిని కట్టినచో పొడవు కొట్టివేయబడి, ఒక సులభ సూత్రము మిగులును: ఎత్తు నుండి, రాపిడి అంకెను నేలదూరముతో హెచ్చవేసిన మొత్తమును తీసివేయవలెను. మిగిలినన్ని అడుగుల పైనుండి వస్తువును నిలువుగా జారవిడిచిన ఎంత వేగమో, అంత వేగముతో అది బల్ల చివర చేరును.

లారీ ఎత్తు 4 అడుగులు. ఆరడుగుల బల్ల వేసిన నేలదూరము 4.47, దానిని 0.44తో హెచ్చవేయగా 1.97. మిగిలినది రెండడుగులు. అనగా బస్తాను రెండడుగుల పైనుండి పడవేసినట్లే! ఎనిమిది అడుగుల బల్లకు నేలదూరము 6.93, మిగులు 0.95, సుమారొక అడుగు. పది అడుగుల బల్లకు మిగులు దాదాపు సున్న. మెల్లగా త్రోయగా బస్తా మెల్లగానే దిగును. నాలుగడుగుల చెక్క ఆదా చేయబోయి ఎంత పోగొట్టుకొనుచున్నామో చూడుడు.

గోనెకు సరిపడిన బల్ల ప్లాస్టికు క్రేటునకు సరిపడదు. క్రేటు అంకె 0.25 అనుకొన్నచో, అదే పది అడుగుల బల్లపై మిగులు 1.7 అడుగులగును, టమాటాలకు అది చాలును చెడుటకు. మిగులు లేకుండ దింపవలెనన్న పదహారడుగులకు పైబడిన బల్ల కావలెను. అంత బల్ల ఎవరివద్దను ఉండదు గనుక, క్రింది సగముపై పాత గోనె పట్టాను మేకులతో బిగించి అచట రాపిడి పెంచుట మేలు. బల్లకు ఎదురుగా మాత్రము ఎవరును నిలువరాదు. ప్రక్క నుండియే అందుకొనవలెను.

మోట తోలిన పెద్దలకు ఈ సంగతి వేరుపేరున తెలిసినదే. ఎడ్లు దిగు వాలుబాట నిటారైన గిట్టలు జారును. మరీ చదునైన ఎద్దు తన బరువును తాడుపై వేయలేదు. ధాన్యపు రాశిలోను ఇదే నియమము కలదు. రాశి ఎత్తును దాని అడుగు వెడల్పులో సగముతో భాగింపగా గింజకు గింజకు నడుమ గల రాపిడి అంకె దాదాపుగా వచ్చును. 1626లో కట్టినదని చెప్పబడు సరూరునగరపు చెరువు మొదలు మన ఊరి కుంట వరకు, మట్టికట్టను గోడవలె నిలువుగా లేపక వాలుగా పోయుటకు కారణములలో ఇది యొకటి. నీట నానిన మట్టికి పట్టు తగ్గును గదా.

బల్లకు కొలతలు తీయుటకు ఒక ఉదయము, ఇద్దరు మనుష్యులు, ఒక టేపు చాలును. వచ్చిన రెండంకెలను బల్ల అంచుననే రంగుతో వ్రాసియుంచినచో, మరుసటి పంటకు వెదకుకొన నక్కరలేదు. వానకాలములో మాత్రము తడిబల్లపై మరల కొలువవలెను.