నీరసానికి కార్నిటైన్ మాత్రలా?



"పొద్దున్న లేస్తూనే ఒళ్ళు బరువుగా ఉంటోందండీ. మేడ మెట్లెక్కితే ఆయాసం. కార్నిటైన్ అని ఏదో ఉందట, వేసుకుంటే ఒంట్లో కొవ్వంతా కరిగి శక్తిగా మారుతుందట, నిజమేనా?" అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో సీసా అప్పటికే వచ్చి కూర్చుంది. ఒకరింట్లో జిమ్ముకు వెళ్ళే అబ్బాయి కొన్నది, ఇంకొకరింట్లో అమెరికా నుంచి వచ్చిన ఆడపడుచు పెట్టెలో పెట్టి తెచ్చింది. అందుకని ఈ వేళ ఆ సీసా సంగతే చెప్పుకుందాం.

కార్నిటైన్ బయటినుంచి వచ్చే వింత వస్తువేమీ కాదు. మన ఒంట్లోనే తయారవుతుంది. 1905లో మాంసపు సారంలో దీన్ని మొదట కనుక్కున్నారు. లాటిన్ భాషలో మాంసానికి ఉన్న మాటనుంచే ఈ పేరు వచ్చింది. అయితే ఇది ఒంట్లో ఎందుకుందో చాలా ఏళ్ళ వరకు ఎవరికీ బోధపడలేదు. ఆ గుట్టు విప్పటంలో సాయం చేసింది ఎవరనుకున్నారు? మనం జల్లెడ పట్టి పారబోసే పిండిపురుగు! ఫ్రాంకెల్ అనే శాస్త్రజ్ఞుడు పిండిలో పెరిగే ఒక జాతి పురుగులను పెంచుతూ, ఒక పదార్థం అందకపోతే అవి బతకటం లేదని గమనించి, దానికి విటమిన్ బి-టి అని పేరు పెట్టాడు. అది కార్నిటైనే అని 1952లో తేలింది. ఇప్పటికీ కొన్ని సీసాలమీద విటమిన్ అన్నట్టు రాయటానికి మూలం ఇదే. పురుగుకి అది విటమినే, ఎందుకంటే దానికి సొంతంగా చేసుకోవటం రాదు. మనకు వచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి అది విటమిన్ కాదు.

ఇంతకీ అది చేసే పనేమిటంటారా? కట్టెల పొయ్యి రోజులు గుర్తు చేసుకోండి. పెరట్లో కట్టెలు ఎన్ని పేర్చి ఉన్నా, వంటింట్లోకి మోసుకొచ్చే మనిషి లేకపోతే అన్నం ఉడకదు కదా! మన ఒంట్లో కొవ్వు ఆ కట్టెల్లాంటిది. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు ఉన్నాయి. పొడుగాటి కొవ్వు అణువులు వాటి గుమ్మం తమంతట తాము దాటలేవు. కార్నిటైన్ వాటిని భుజాన వేసుకుని లోపలికి చేరుస్తుంది. అక్కడ కాలిన మిగులును కొంత బయటికి కూడా మోస్తుంది. గుండె, కండరాలు ఎక్కువగా కొవ్వుమీదే పని చేస్తాయి కనుక, ఒంట్లో ఉన్న సుమారు 20 గ్రాముల కార్నిటైన్‌లో నూటికి 95 పాళ్ళు కండరాల్లోనే ఉంటుంది.

ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది, అమ్మే వాళ్ళు చెప్పనిది. మోసేవాళ్ళు సరిపడా ఉన్న ఇంట్లో ఇంకో పదిమందిని పెట్టుకున్నంత మాత్రాన పొయ్యి ఎక్కువగా మండదు. వంట పని ఉంటేనే మండుతుంది. అంటే నడక, పని, వ్యాయామం. అవి లేకుండా మాత్రలు మింగితే, అక్కరలేనిదాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మాత్రలో ఉన్నదంతా ఒంటికి పట్టేదీ కాదు, దాదాపు ఐదోవంతు మాత్రమే పడుతుంది. తిండిలోంచైతే సగానికి పైనే పడుతుంది.

తిండి అంటే గుర్తొచ్చింది. కార్నిటైన్ ఎర్ర మాంసంలో ఎక్కువ, కోడిమాంసంలో తక్కువ, ఒక పెద్ద గ్లాసు పాలలో 8 మిల్లీగ్రాములు. "మరి మేం శాకాహారులం, మా గతేమిటి?" అని కంగారు పడకండి. కాలేయం, మూత్రపిండాలు దీన్ని లైసిన్, మెథియోనిన్ అనే రెండు మాంసకృత్తి దినుసులతో తయారు చేసుకుంటాయి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మన పప్పన్నం చేసే పని అదే! ఈ తయారీకి ఇనుము, సి విటమిన్, బి-6, నియాసిన్ కూడా కావాలి. ఈ ఇనుము మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

అయితే కార్నిటైన్ ఉత్తి డాబేనా అంటే, కానే కాదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే, దీన్ని కణాల్లోకి తీసుకునే శక్తి ఉండదు. కండరాలు బలహీనపడతాయి, గుండె పెద్దదై దెబ్బ తింటుంది. ఆ పిల్లలకు ఈ మందే ప్రాణం. డాక్టరు చెప్పిన మోతాదులో జీవితాంతం వాడాలి. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ చేయించుకునే వాళ్ళలో, రక్తం శుద్ధి అయ్యేటప్పుడు కార్నిటైన్ కూడా కొట్టుకుపోతుంది. వాళ్ళలో కొందరికి డాక్టర్లు ఇంజక్షనుగా ఇస్తారు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందు కూడా దీన్ని తగ్గిస్తుంది. అలాంటివాళ్ళకు అవసరమా కాదా అనేది డాక్టరే తేల్చాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు సొంతంగా కార్నిటైన్ మొదలుపెడితే ఫిట్స్ ఎక్కువయ్యే ప్రమాదం కూడా ఉంది మరి.

ఇక సీసాలమీద రకరకాల పేర్లు చూసి తికమక పడుతుంటారు. ఉత్త ఎల్-కార్నిటైన్, దాన్నే లెవోకార్నిటైన్ అనీ అంటారు, అసలు సిసలు రకం. ఆసుపత్రిలో మందుగా ఇచ్చేది ఇదే. మాత్రగానూ, ద్రవంగానూ దొరుకుతుంది. ఎసిటైల్ ఎల్-కార్నిటైన్ మెదడులోకి బాగా వెళుతుంది. మతిమరుపుకీ, చక్కెర జబ్బువాళ్ళ కాళ్ళ మంటలకీ దీన్ని పరీక్షించారు. ఫలితాలు ఒకచోట బాగున్నాయి, ఇంకోచోట లేవు. గట్టిగా నమ్మి చెప్పే స్థితి లేదు. ప్రొపియోనిల్ రకాన్ని కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయి, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసే వాళ్ళమీద చూశారు. కొందరు కాస్త ఎక్కువ దూరం నడవగలిగారు. టార్ట్రేట్ రకం ఆటలాడేవాళ్ళకి, జిమ్ము కుర్రాళ్ళకి అమ్మేది. అది ఎల్-కార్నిటైన్‌కి టార్టారిక్ ఆమ్లం చేర్చిన లవణం. ఈ ఆమ్లమే చింతపండుకి పులుపునిస్తుంది.

లెక్క కూడా చూసుకోవాలి సుమా. టార్ట్రేట్ 1000 మిల్లీగ్రాములు అని ఉంటే, అందులో అసలు కార్నిటైన్ దాదాపు 680 మాత్రమే. ఫ్యూమరేట్ అయితే 580. పాలవాడు లీటరు అని కొలిచిన దాంట్లో నీళ్ళెన్నో చూసుకునే మనం, ఈ సీసా దగ్గర ఎందుకు చూసుకోకూడదు? ఇంకొక్కటి. పేరు ముందు 'ఎల్' అనే అక్షరం ఉందో లేదో చూడండి. 'డి' రకం, రెండూ కలిసిన 'డిఎల్' రకం పనికిరావు సరికదా, ఉన్న మంచి కార్నిటైన్ పనికి అడ్డం పడతాయి. మన దేశంలో ఆరోగ్య అనుబంధంగా అమ్మే సీసామీద, వైద్యానికి వాడేది కాదు అని కూడా అచ్చువేసి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

సన్నబడే సంగతి? 2020లో 37 పరీక్షల ఫలితాలు కలిపి లెక్క కడితే, వాడినవాళ్ళు వాడనివాళ్ళకన్నా సగటున కిలో 200 గ్రాములు ఎక్కువ తగ్గారు. అంతే! దానికి అంత ఖర్చు దేనికో మీరే ఆలోచించుకోండి.

రోజుకి 3 గ్రాముల దాకా వెళితే వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. ఒంటినుంచి చేపల వాసన కూడా వస్తుంది. నవ్వకండి, పేగుల్లోని సూక్ష్మజీవులు కార్నిటైన్‌ని మార్చటంవల్ల వచ్చే వాసన అది. ఆ మార్పులోంచే కాలేయంలో టిఎంఏఓ అనే పదార్థం తయారవుతుంది. రక్తనాళాలకు అది మంచిది కాదేమోనని 2013 నుంచి శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడే ఇంటాయన ఉంటే ఈ సీసా ఆయనకి అందనివ్వకండి. మందు ప్రభావం ఎక్కువై రక్తస్రావం కావచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు కూడా డాక్టర్ని అడగకుండా వాడకూడదు. ఆ హార్మోను పనికి ఇది కొంత అడ్డుపడుతుంది.

ఇప్పుడు మన నీరసం సంగతికి వద్దాం. మా వీధిలో ఒకావిడ మూడు నెలలు ఈ మాత్రలు మింగింది, ఇంటిల్లిపాదికీ చెప్పకుండా చీటీ డబ్బులు పెట్టి. నీరసం తగ్గలేదు. చివరికి చెల్లెలు బలవంతాన రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది. ఉండాల్సింది కనీసం 12. కట్టెలు మోసేవాళ్ళున్నారు, కట్టెలున్నాయి, కాని మంటకి గాలి ఏదీ? పొయ్యి దాకా ప్రాణవాయువు చేర్చే రక్తమే పల్చబడితే ఏ కార్నిటైన్ ఏం చేస్తుంది! ఆవిడ ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అందరికీ వడ్డించి, చివర మిగిలింది తిని, నెలనెలా రక్తం పోగొట్టుకునే మనకి నీరసం రాక ఏమొస్తుంది?

కాబట్టి సీసా కొనే డబ్బుతో ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, చక్కెర పరీక్ష చేయించుకోండి. ఇనుము తక్కువని తేలితే డాక్టరిచ్చిన ఇనుము మాత్రలు, మధ్యలో మానకుండా వాడండి. మాత్ర పాలతో వేసుకోకండి, నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. కూర మీద కాస్త నిమ్మకాయ పిండుకోవటం, కంచంలో ఉసిరికాయ ముక్క పెట్టుకోవటం కూడా ఇనుము ఒంటికి పట్టటానికి సాయం చేస్తాయి. భోజనం అవుతూనే కాఫీ తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. కాఫీ, టీ ఆ ఇనుమును పట్టనివ్వవు. మానమని నేననను, మానలేరు కూడా. ఒక గంట ఆగి తాగండి.