గంట ఎక్కువిచ్చారు సరే, పుస్తకం ఏది?

జనక్‌పురి వెస్ట్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి, రాజౌరీ గార్డెన్‌లో పింక్ లైన్‌కు మారితే దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ వస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల అక్కడికి దగ్గరే. ఢిల్లీ తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన దారి ఇది. చూపు లేని విద్యార్థి కూడా ఈ దారిన ఒక్కడే వెళ్లిరాగలడు. నేల మీద కాలికి తగిలే పలకలు దారి చూపుతాయి, లిఫ్టు బటన్ల మీద బ్రెయిలీ ఉంటుంది, రాబోయే స్టేషన్ పేరు రైలే చెబుతుంది. ఇవి వాడుకోవడానికి ఎవరూ సర్టిఫికెట్ అడగరు. ఎవరికీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు.

ఆ స్టేషన్‌కు పేరిచ్చిన దుర్గాబాయమ్మే 1948లో ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పారు. అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి వాళ్ల కోసం బడి, హాస్టల్, వర్క్‌షాపు పెట్టించారు. అంధులకు చదువుతో పాటు చేతిలో పని కూడా ఉండాలని అంత ముందే ఆలోచించిన మనిషి ఆమె.

కాలేజీలోకి అడుగుపెట్టాక మాత్రం, అది ఏ కాలేజీ అయినా, ప్రతిదీ అడిగి తీసుకోవాల్సిందే. ఏం అడగవచ్చు, ఎవరిని అడగాలి, ఇవ్వనంటే ఏం చేయాలి అన్నది విద్యార్థికీ తెలియదు, చాలాసార్లు ఆఫీసు గుమాస్తాకూ తెలియదు. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. కొత్త చట్టం ఇరవై ఒకటిని గుర్తించింది. డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం, తలసీమియా, కండరాల క్షీణత ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి, వయోపరిమితిలో ఐదేళ్లు సడలించాలి. వీటికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి.

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. సీటు వేరు, చదువుకోవడానికి చేసే సర్దుబాటు వేరు. మిగతావాళ్లతో సమానంగా చదవడానికి, రాయడానికి అవసరమైన మార్పును, సంస్థ మీద మోయలేని భారం పడకుండా, ఆ విద్యార్థి అవసరాన్ని బట్టి చేయడమే సర్దుబాటు. చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఉన్న సెక్షన్‌కు కింది అంతస్తులో గది ఇవ్వడం సర్దుబాటు. వినికిడి తక్కువైన అబ్బాయికి లెక్చర్ నోట్సు ముందుగా ఇవ్వడమూ అంతే. దాన్ని నిరాకరించడం వివక్షేనని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. ఇందుకు 40 శాతం గీత లేదు.

ఆ మాట తేలడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వికాశ్ కుమార్ అనే అభ్యర్థికి రాస్తుంటే చేతి కండరాలు బిగుసుకుపోయే జబ్బు ఉంది. సివిల్స్ పరీక్షకు ఆయన తన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను అడిగారు. ఆయన వైకల్యం 40 శాతానికి చేరదు కనుక యూపీఎస్సీ కుదరదంది. 2021 ఫిబ్రవరి 11న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. రిజర్వేషన్‌కు పెట్టిన కొలతను స్క్రైబ్‌కు అంటగట్టకూడదని తేల్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతంలోపు వారికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంత జరిగినా ఇవాళ్టికీ '40 ఉందా?' అనే ప్రశ్నతోనే చాలా కౌంటర్ల దగ్గర మాట మొదలై, అక్కడే ముగిసిపోతోంది.

హక్కు ఉండటం వేరు, ఆ పూట అది చేతికందటం వేరు. అవ్నీ ప్రకాశ్ కేసు చూడండి. చేతిరాతకు సంబంధించిన వైకల్యం ఉన్న ఈ విద్యార్థినికి 2021 నీట్ పరీక్షలో అదనపు గంట ఇవ్వకుండానే పేపరు తీసేసుకున్నారు. ఆమెకు అన్యాయం జరిగిందని అదే ఏడాది నవంబరు 23న సుప్రీంకోర్టు ఒప్పుకుంది, దిద్దే మార్గం ఆలోచించమని పరీక్ష సంస్థను ఆదేశించింది. పరీక్ష మళ్లీ పెట్టమని మాత్రం చెప్పలేదు. పోయిన గంటను తిరిగి ఇవ్వడం ఏ కోర్టు చేతిలోనూ లేదు.

2018 మార్గదర్శకాలు గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి, అంటే మూడు గంటల పేపరుకు మరో గంట. స్క్రైబ్‌ను విద్యార్థే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నారు. ఆ మనిషిని వెతుక్కునే బాధ విద్యార్థిదే. జూనియర్లను బతిమాలాలి, వాళ్లకూ అప్పుడే పరీక్షలు. ఇక ఢిల్లీలో తెలుగు పేపరు రాసే అంధ విద్యార్థికి తెలుగు రాయగల స్క్రైబ్ కావాలి. అలాంటివారు దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. పరీక్ష సంస్థలే స్క్రైబ్‌ల జాబితా సిద్ధంగా ఉంచుకోవాలని ఇటీవల కేంద్రం గట్టిగా చెబుతోంది. మంచిదే. విశ్వవిద్యాలయాలు ఈ పని ఎప్పుడో చేసి ఉండాల్సింది.

అసలు విషయం పరీక్ష గదికి ముందే ఉంది. సెమిస్టరంతా చదవాల్సిన పుస్తకం సంగతేమిటి? చాలా చోట్ల వాట్సాప్‌లో వచ్చే స్కాన్ కాపీనే పాఠ్యపుస్తకం. అక్షరాలు గుర్తించకుండా ఫొటోగా ఉంచిన పేజీలో, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు చదవడానికేమీ దొరకదు. తెలుగు విద్యార్థికి ఇంకో చిక్కు ఉంది. మన ప్రచురణల్లో ఎన్నో ఏళ్లు డీటీపీ పని అనూ ఫాంట్లలో సాగింది. ఆ ఫైలు తెర మీద చక్కటి తెలుగులా కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్ మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు చదువుతుంది. అదే పాఠం యూనికోడ్‌లో ఉంటే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గడగడా చదివేస్తుంది. కాపీరైటు అడ్డంకీ లేదు. వికలాంగులు చదవగలిగే రూపంలోకి పుస్తకాలను మార్చుకోవడానికి 2012 చట్ట సవరణ వీలు కల్పించింది. ఈ విషయమై కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. కొరత శ్రద్ధలోనే ఉంది.

చదివే అవకాశం అందితే ఏమవుతుందో శ్రీకాంత్ బొల్లా చూపించారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన ఆయన పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నా, ఇంటర్‌లో సైన్సు చదవనివ్వలేదు. కోర్టుకు వెళ్లి ఆ అనుమతి సాధించి, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోలేదు. అమెరికాలో ఎంఐటీ చేర్చుకుంది. అక్కడ చదివి హైదరాబాద్ వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన జీవితం హిందీ సినిమా అయింది. ఆ కథను పట్టుదల కథగా చెప్పుకుంటాం. ఒక పదిహేనేళ్ల పిల్లాడు సైన్సు చదవడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడం నాకు మాత్రం వ్యవస్థ వైఫల్యం కథగానే కనిపిస్తుంది.

మన ఇళ్లలోనూ ఒక అడ్డంకి ఉంది. సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుందని, రేపు పెళ్లి సంబంధాలకు ఇబ్బందని కొందరు తల్లిదండ్రులు ఆగిపోతారు. ముఖ్యంగా డిస్‌లెక్సియా లాంటి బయటికి కనిపించనివాటిలో. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ దాని మూల్యాన్ని ప్రతి పరీక్షలో బిడ్డే చెల్లిస్తున్నాడు. చట్టప్రకారం ఇచ్చిన ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది, వికలాంగులకిచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా అంతే. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వచ్చినవాళ్లు ఢిల్లీలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు.

చట్టంలో బలహీనత లేకపోలేదు. విద్యాసంస్థలు సర్దుబాట్లు చేసేలా ప్రభుత్వాలు 'ప్రయత్నించాలి' అంటుంది పదహారో సెక్షన్. అందుకే అడిగేవాళ్లు గట్టిగా అడగాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు కాలేజీలు కూడా ఆ సెక్షన్ పరిధిలోకి వస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయం మీద ఫిర్యాదు ఉంటే వికలాంగుల చీఫ్ కమిషనర్‌కు రాయవచ్చు. ఆ కార్యాలయం జనక్‌పురి పక్కనే ద్వారకలో ఉంది. ఐపీ యూనివర్సిటీ లాంటి ఢిల్లీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా.

పరీక్షల నెల దాకా ఆగకండి. అడ్మిషన్ రోజునే ఏమేం కావాలో కాగితం మీద రాసివ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. స్క్రైబ్ కంటే ముందు పుస్తకాలు, నోట్సు చదవగలిగే రూపంలో అడగండి. కుదరదంటే, ఆ మాట రాసి ఇమ్మనండి.