ఎడ్ షీరన్ నోట తెలుగు సరే.. మరి మన నోట మన యాస?

బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ పాడిన ‘సఫైర్’ మీరు వినే ఉంటారు. పనిగట్టుకుని వినకపోయినా ఏదో ఒక రీల్ వెనకాల చెవిన పడే ఉంటుంది. ఇంగ్లిష్ పాటే. కానీ మధ్య మధ్యలో పంజాబీ మాటలు మెరుస్తాయి, వెనకాల సితార్ మోగుతుంది. 2025 జూన్ 5న విడుదలైన ఈ సింగిల్, సెప్టెంబర్‌లో వచ్చిన ‘ప్లే’ ఆల్బమ్‌లోది.

సఫైర్ అంటే నీలమణి. ఆ మాట వింటే పాతపట్నం వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఊళ్లోని నీలమణి దుర్గమ్మ గుడే. పేరు కలవడం యాదృచ్ఛికమే అనుకోండి. కానీ ఈ పాటలో మన సరిహద్దు ఊరికి పనికొచ్చే సంగతి ఇంకోటుంది.

స్కూటర్ ఎక్కిన స్టార్

2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో షీరన్ మన దేశమంతా తిరిగాడు. పుణె, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, షిల్లాంగ్, ఢిల్లీ శివారు గురుగ్రామ్.. వరసగా కచేరీలు. ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. పశ్చిమ బెంగాల్‌లోని జియాగంజ్‌కు వెళ్లి, అర్జిత్ సింగ్ నడిపే స్కూటర్ వెనక కూర్చుని వీధులు తిరిగాడు. ‘సఫైర్’లో వినిపించే మన గొంతు ఆ అర్జిత్‌దే. ఆల్బమ్ రికార్డింగ్ పూర్తయింది గోవాలో, మన వాయిద్యకారులతో. వీడియోలో షారుఖ్ ఖాన్, ఏఆర్ రెహమాన్ కూడా కనిపిస్తారు.

మనకు అసలు పండగ మాత్రం బెంగళూరులో జరిగింది. శిల్పా రావుతో కలిసి షీరన్ ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ అందుకున్నాడు. రామజోగయ్య శాస్త్రి రాసిన తెలుగు మాటలు ఇంగ్లండ్ కుర్రాడి నోట! ఆ వీడియో ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందో లెక్కే లేదు. జూనియర్ ఎన్టీఆర్ కూడా ఇన్‌స్టాలో ఆనందం పంచుకున్నాడు.

పలుకు అచ్చం మనలా ఉందా? లేదు. ఎవరైనా వెక్కిరించారా? అదీ లేదు. ‘ఎంత కష్టపడి నేర్చుకున్నాడో’ అని ముచ్చటపడ్డాం. అలా ముచ్చటపడటం మంచిదే. ఇప్పుడు అదే చెవితో మన ఊరి మాట విందాం.

‘ఏటి’ అంటే నవ్వెందుకు?

సిక్కోలు కుర్రాడు హైదరాబాద్ హాస్టల్‌లో దిగి ‘ఏటి’, ‘బేగి రా’, ‘ఎల్దాం’ అన్నాడనుకోండి. గదిలో నవ్వులే. సినిమాల్లోనూ చాన్నాళ్లు మన యాస కామెడీకే పరిమితమైంది. దాంతో చాలామంది నెల తిరక్కుండానే యాస మార్చేస్తారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక భాష, రూమ్‌లో ఇంకో భాష.

వేరే భాష వాడు మన మాటను తప్పుగా పలికితే ముద్దు. మనవాడు మన మాటను సరిగ్గా పలికితే నవ్వు! ఇదెక్కడి లెక్క?

నిజానికి పాట విషయంలో మన యాస ఎప్పుడో గెలిచింది. 2020లో వచ్చిన ‘పలాస 1978’ గుర్తుందిగా? రఘు కుంచె సంగీతంలో వచ్చిన ‘నాది నక్కిలీసు గొలుసు’కు రాష్ట్రమంతా స్టెప్పులేసింది. అది ఈ నేల మీద పుట్టిన జానపదమే. యాస తీసేసి పాడితే ఆ పాటలో ఏం మిగులుతుంది?

ఏరు దాటితే గిడుగు

పాతపట్నం ఉన్నది మహేంద్రతనయ ఒడ్డున, ఒడిశా సరిహద్దులో. అవతల పర్లాకిమిడి. ఇక్కడ తెలుగు, ఒడియా బజారులో కలిసే తిరుగుతాయి. పక్కవాడి భాషను చెవితో పట్టుకోవడం షీరన్‌కు కచేరీలో పని, ఇక్కడి వాళ్లకు రోజువారీ పని.

ఆ పర్లాకిమిడిలోనే మాస్టారుగా పనిచేశారు గిడుగు రామమూర్తి. సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడిందీ ఆయనే. అందుకే ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మీరిప్పుడు ఫోన్‌లో చదువుతున్న ఈ తేలిక తెలుగులో ఆయన కష్టం ఉంది.

పక్క భాషను గౌరవంగా నేర్చుకోవడం, సొంత మాటను దాచుకోకపోవడం.. గిడుగు ఈ రెండూ చేసి చూపించారు. షీరన్ నుంచి మొదటిది నేర్చుకోవచ్చు. రెండోది మాత్రం మనమే చేయాలి. అది పెద్ద పనేం కాదు. ఈసారి ‘సఫైర్’ లింక్ ఫ్రెండ్‌కి పంపేటప్పుడు కింద ఓ వాయిస్ నోట్ కూడా పెట్టండి. అచ్చం ఇంట్లో అమ్మతో మాట్లాడినట్టే.. ‘ఒరే, ఈ పాట బేగి ఇను’ అని.