పిప్పి పన్నుకు నీళ్ళే కారణమా?

దాచేపల్లి చుట్టుప్రక్కల గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు పంటినొప్పితో ఏడ్చే పిల్లలను మేము చూస్తుంటాము. "మన నీళ్ళే అంత అయ్యగారూ, ఏం చేస్తాం!" అని తల్లులు ఊరుకుంటారు.

పల్నాటి బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువన్నది నిజమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు చిన్ననాటినుండి త్రాగితే పళ్ళమీద సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. నీరు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. పరీక్ష చేయించిన నీరే త్రాగించాలి.

పిప్పి పన్ను సంగతి వేరు. పళ్ళకు అంటుకొన్న తీపిని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లమే పంటిని తొలుస్తుంది. గుంట చిన్నదిగా ఉండగానే పూడ్పిస్తే పన్ను నిలుస్తుంది. లవంగం నొప్పిని కాసేపు అణచునేగాని గుంటను పూడ్చదు. పాలపళ్ళు ఎలాగూ ఊడేవేగదా అనుకోవద్దు. వాటి చీము లోపల ఎదిగే పన్నును పాడుచేయగలదు.

ఉదయమూ, రాత్రి పడుకొనేముందూ దగ్గరుండి పళ్ళు తోమించండి. మూడేళ్ళు దాటిన బిడ్డకు బఠాణీగింజంత పేస్టు చాలు, మ్రింగనివ్వకండి. పాలసీసా నోట ఉంచి నిద్రపుచ్చకండి.

దేహము దేవుని ఆలయమని బోధించే మనం బిడ్డల నోటిని నిర్లక్ష్యం చేయవచ్చునా? ప్రార్థించండి, దంతవైద్యుని యొద్దకూ తీసికొని వెళ్ళండి.