తెరపై ‘లోపం’ అని కనిపిస్తే పరికరం చెడినట్టేనా?

సూరత్‌లో మరమగ్గాలనూ వస్త్ర వ్యాపారాన్నీ నమ్ముకుని బతుకుతున్న తెలుగు కుటుంబాలు అనేకం. నేడు దుకాణం లెక్కలకు కంప్యూటరే ఆధారం. లినక్స్ కంప్యూటర్ ప్రారంభమయ్యేటప్పుడు ఇంటెల్ వైఫై డ్రైవరు ‘లోపం -2’ అని చూపితే, వెంటనే కొత్త కార్డు కొనవలసిన పనిలేదు. ఆ సంఖ్యకు అర్థం ‘ఫైలు లేదు’ అని మాత్రమే. డ్రైవరు మొదట సరికొత్త ఫర్మ్‌వేర్‌ను వెదుకుతుంది. అది దొరకకపోతే పాత ఫైలుతో పని మొదలుపెడుతుంది.

‘-517’ అంటే అవసరమైన మరో భాగం ఇంకా సిద్ధం కాలేదని, డ్రైవరు మళ్లీ ప్రయత్నిస్తుందని అర్థం. ఇలాంటి సందేశాలు వృథాగా కలవరపెట్టకుండా 2020లో విడుదలైన లినక్స్ 5.9లో ప్రత్యేక ఏర్పాటు చేశారు.

కాబట్టి లాగ్‌ను చివరిదాకా చదవాలి. ఫర్మ్‌వేర్ లోడయినట్టు తరువాతి వరుసల్లో ఉండి, వైఫై పనిచేస్తుంటే చింత అనవసరం. ఏ ఫైలూ దొరకలేదని తేలితే ఫర్మ్‌వేర్ ప్యాకేజీని సరిచూడాలి. కార్డు మార్చడం ఆఖరి మార్గం.